నేల సంగతులు: మాగాణిలో పోయింది, మెట్టలో మిగిలింది

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారి రోజుల్లో వరికీ మిరపకీ బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి చల్లేవారు. ఈమధ్య మట్టి పరీక్ష చేయిస్తే మాగాణిలో దాదాపు ఏమీ లేదన్నారు, మెట్ట చెక్కలో మాత్రం ఇంకా ఆనవాళ్లున్నాయట. మందు ఒకటే కదా, ఈ తేడా ఎందుకు? మెట్టలో కూడా నీళ్లు నిలబెడితే పోతుందా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: మందు ఒకటే కానీ, ఆ రెండు నేలల్లో బతికే సూక్ష్మజీవులకు దొరికే ఊపిరి వేరండీ.

బీహెచ్‌సీ అణువుకు ఆరు క్లోరిన్లుంటాయి. గాలి ఆడని మట్టిలో బతికే కొన్ని సూక్ష్మజీవులు వాటిని ఊడబీకుతాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1960ల్లోనే ఇది తేలింది. నీరు నిలిపిన మామూలు మట్టిలో గామా రకం బీహెచ్‌సీ తరిగిపోయింది. అదే మట్టిని స్టెరిలైజ్ చేసి, అంటే అందులోని జీవుల్ని చంపేసి, నీరు నిలిపితే చాలావరకు అలాగే ఉండిపోయింది. కాబట్టి ఆ పని చేసింది ఉత్త నీళ్లు కావు.

మడికి నీరు పెట్టి దమ్ము చేశాక మట్టిలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు ఊపిరికి ఆక్సిజన్ బదులు నైట్రేట్ మీద పడతాయి. అదీ అయ్యాక మాంగనీసు, ఇనుము, సల్ఫేట్. విస్తట్లో గారెలుండగా చద్దన్నం ఎవరు ముడతారు? నైట్రేట్ దండిగా ఉన్నంతకాలం క్లోరిన్ జోలికి పోవడం తక్కువే. తర్వాత అక్కడే చేసిన పరీక్షల్లో మట్టికి నైట్రేటో మాంగనీసు డయాక్సైడో కలిపితే గామా బీహెచ్‌సీ విరగడం మందగించింది, వరిగడ్డి కలిపితే జోరందుకుంది. గడ్డి వాటికి తిండి. తిండి లేని ఇసుక నేలలో నీళ్లు ఎంతకాలం నిలిపినా ఫలితం అంతంతమాత్రమే.

నేను ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో, మట్టి ఈ వరుసలో ఎంతవరకు దిగిందో (రెడాక్స్ పొటెన్షియల్ అంటారు) ప్లాటినం ఎలక్ట్రోడ్‌తో కొలిచేవాళ్లం. గాలి ఆడే మెట్ట మట్టిలో 500 మిల్లీవోల్టులు అలా చూపించేది, బాగా నానిన మడిలో సున్నా దాటి మైనస్ 200 దాకా దిగేది. నిజం చెప్పాలంటే ఎలక్ట్రోడ్ గుచ్చకముందే ముక్కు చెప్పేసేది: మట్టి నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వస్తోందంటే సల్ఫేట్ దాకా వచ్చేసినట్టే. నీరు నిలిస్తే ఇంకో మేలుంది. పులుపు నేలైనా చౌడు నేలైనా పీహెచ్ 7 వైపు జరుగుతుంది, ఈ జీవుల్లో చాలావాటికి అదే హాయి.

మీ మెట్ట చెక్క సంగతి. మిరప నేలలో గాలి ఆడుతుంది, వేసిన యూరియా నైట్రేట్‌గా మారుతుంది, ఆ రెండూ ఈ పనికి అడ్డమే. నీరు నిలిచే నేలైతే జీలుగ దున్ని ఒక కారు వరి వేసి చూడండి. కానీ ముందు రిపోర్టులో ఏ ఐసోమరో, అంటే గామా, బీటా లాంటి ఏ రకమో చదవండి. ఇన్నేళ్ల తర్వాత మిగిలింది బీటా అయివుండాలని నా అనుమానం. దాని క్లోరిన్లు ఆరూ అణువు అంచు వెంట సర్దుకుని ఉంటాయి, ఊడబీకడం కష్టం. అది తగ్గినా నెమ్మదిగానే తగ్గుతుంది.

పైగా గాలి లేనిచోట బీహెచ్‌సీ విరిగితే చివరికి క్లోరోబెంజీన్, బెంజీన్ మిగలొచ్చు. వాటిని తినే జీవులకు మళ్లీ ఆక్సిజనే కావాలి. అందుకే కోత తర్వాత నేలను బాగా ఆరనివ్వండి. గాలి ఆడేచోట బీహెచ్‌సీని విరిచే జీవులూ లేకపోలేదు. కటక్‌లో చెరకు వేళ్ల దగ్గరి మట్టిలో అలాంటిది దొరికింది, తర్వాత దానికి స్ఫింగోబియం ఇండికం అని పేరు పెట్టారు.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. వాళ్ల వీధిలో పాత డ్రై క్లీనింగ్ షాపు కింద భూగర్భ నీటిలో పెర్‌క్లోర్ అనే, బట్టలు శుభ్రం చేసే ద్రావకం ఉండేదట. దాన్ని సూక్ష్మజీవులతో శుద్ధి చేస్తుంటే ఇప్పుడు వినైల్ క్లోరైడ్ కనబడిందని ఉత్తరం వచ్చింది. శుద్ధి చేస్తే కొత్త విషం రావడమేమిటి? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: పని సగంలో ఉందమ్మా. పెర్‌క్లోర్‌కు నాలుగు క్లోరిన్లు. ఒక్కొక్కటే ఊడుతూ పోతే ఒక్క క్లోరిన్ మిగిలిన మజిలీ వినైల్ క్లోరైడ్, అదీ పోతే ఇథిలీన్. ఆ మజిలీ మొదటిదానికంటే ప్రమాదం: అమెరికాలో తాగునీటికి పెర్‌క్లోర్ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములైతే దీనికి 2. చివరి మెట్టు దాటించేవి ముఖ్యంగా డీహాలోకోకాయిడ్స్ అనే జీవులు. 1997లో కార్నెల్ శాస్త్రవేత్తలు ఇథాకా మురుగు శుద్ధి కేంద్రం బురద నుంచి తెచ్చిన ఒకదాన్ని లోకానికి పరిచయం చేశారు. వీటికి హైడ్రోజన్, బీ12 విటమిన్ కావాలి, ఆక్సిజన్ తగలకూడదు. ఊడిన క్లోరిన్ ఆమ్లమవుతుంది, తిండిగా పోసే నూనె, ల్యాక్టేట్ కూడా పులుస్తాయి. పీహెచ్ 6 కంటే దిగితే ఇవి చతికిలపడతాయి, అందుకే సోడా కలుపుతారు.

మీ అబ్బాయిని మూడు అడగమనండి: ఇథిలీన్ కనబడుతోందా, పీహెచ్ ఎంత, ఆ జీవుల్ని లెక్కించారా. ఇథిలీన్ పెరుగుతుంటే దారి సరైనదే. ఇంట్లో సొంత బోరు ఉంటే మాత్రం ఆ నీళ్లు వాడొద్దనండి. ఇంటి అడుగు నుంచి ఆవిరి లోపలికి వస్తోందేమో కొలిచారా అని కూడా కనుక్కోమనండి.

ప్రశ్న: అటక మీద పాత గమేక్సిన్ (బీహెచ్‌సీ) పొడి దొరికింది. వరి మడిలో కలిపేస్తే విరిగిపోతుంది కదా?
– ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: వద్దు. అందులో బీటా ఉంటుంది, అది గడ్డి నుంచి పశువుకు, అక్కడి నుంచి పాలకు చేరుతుంది. సంచి విప్పకుండా ఇంకో ప్లాస్టిక్ సంచిలో కట్టి, పిల్లలకు అందనిచోట పెట్టి, మండల వ్యవసాయాధికారికి చెప్పండి. 1997లోనే నిషేధించిన మందు అది.