ధ్వని గురించి రాస్తున్న తమ్ముడికి

పర్లాకిమిడి

తమ్ముడూ,

బరంపురం నుంచి నువ్వు పంపిన ధ్వని వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ మొదటి పేరాలోనే "ధ్వని తరంగాలు గాలిలో ప్రయాణించి మన చెవిని చేరతాయి" అనేసి ముందుకు వెళ్ళిపోయావు. అది చదివినవాడు స్పీకరు దగ్గరి గాలే బయల్దేరి తన చెవిదాకా వచ్చిందనుకుంటాడు. ధ్వని మీద రాసేటప్పుడు ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడుగు: ఇక్కడ కదులుతున్నది ఏది, ఎంత మేర కదులుతోంది? జవాబు చెప్పలేని వాక్యాన్ని తీసి మళ్ళీ రాయి.

మీ ఊళ్ళో ఠాకురాణి యాత్రకి వరసలో నిలబడ్డ జనాన్ని గుర్తుచేసుకో. వెనక ఎవరో ఒక్క తోపు తోస్తే అది ఒకరి నుంచి ఒకరికి అందుకుంటూ గుడి గుమ్మం దాకా పోతుంది. మనుషులు మాత్రం అరడుగు ముందుకు తూలి మళ్ళీ తమ చోటికే వస్తారు. గాలిలో జరిగేదీ ఇదే. ఒకచోట గాలి ఒత్తుకుంటుంది, పక్కన పల్చబడుతుంది, ఆ ఒత్తిడి ముందుకు సాగుతుంది. మామూలుగా మాట్లాడుకునే మాటకి గాలి కణాలు ముందుకీ వెనక్కీ ఊగేది వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. పాఠకుడు నమ్మకపోతే, పాట వినిపిస్తున్న రేడియో ముందు గజం దూరంలో అగరొత్తి పెట్టి చూడమను. పొగ తన దారిన పైకే పోతుంది, పాట మాత్రం చెవిన పడుతూనే ఉంటుంది. నువ్వు చెరువులో రాయి వేసిన పోలిక వాడావు. అందులో నీళ్ళు పైకీ కిందకీ లేస్తాయి, గాలి మాత్రం అల పోయే దిక్కులోనే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ తేడా చెప్పగలిగితేనే చెరువును ఉంచు, లేకపోతే వరసలో తోపు చాలు.

తర్వాత మాటల సంగతి. "పౌనఃపున్యం" అని ఏడుసార్లు రాశావు. మన సరిహద్దులో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలకి దాన్నే "ఆవృత్తి" అని నేర్పుతారు. ఈ రెండూ తెలియని అమ్మమ్మ కూడా నీ పాఠకురాలే. "సెకనుకి ఎన్ని ఊపులు" అని మొదట రాసి, పుస్తకాల మాట ఒక్కసారి పరిచయం చేస్తే అందరికీ అందుతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. సవరల భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి, మలేరియా పాలై, వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. చెవి ఎలా పనిచేస్తుందో రాసిన నీ పేరాలో ఆయన ఉండాలి. లోపలి చెవిలో ఒక్కో పక్కన ధ్వనిని పసిగట్టే రోమకణాలు దాదాపు 15,000 ఉంటాయి. మందుల వల్లగానీ మోత వల్లగానీ అవి చచ్చిపోతే మనిషికి మళ్ళీ మొలవవు.

"గట్టి శబ్దం", "హెచ్చు శబ్దం" అని ఒకదానికి బదులు ఒకటి వాడేశావు. మన వాడుకలోనే ఆ తికమక ఉంది, "గొంతు పెంచు" అంటే గట్టిగా అనమనో పై శ్రుతిలో అనమనో తెలియదు. డప్పు దగ్గరికి తీసుకెళ్తే తేడా విడిపోతుంది. కర్రతో బలంగా కొడితే మోత పెరుగుతుంది, శ్రుతి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అదే డప్పుని వానాకాలం మంట దగ్గర కాచి, అంతే బలంతో కొట్టి చూడు. ముసురుకి చర్మం తేమ పీల్చి బరువెక్కి వదులైపోతుంది, బొద బొదమంటుంది. కాచినప్పుడు తేమ ఆరి చర్మం బిగుస్తుంది, సెకనుకి ఊపులు పెరుగుతాయి, కణకణమంటుంది. మంటకి మరీ దగ్గరగా పెడితే అంచున చర్మం పెళుసెక్కి చీలుతుంది. అందుకే డప్పు కాచేవాళ్ళు దాన్ని తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూస్తూ ఉంటారు. ఆ వేలి తట్టు నీ వ్యాసంలో ఉంటే పాఠకుడు శ్రుతి అంటే ఏమిటో మరచిపోడు.

మోతని కొలిచే డెసిబెల్ దగ్గర నువ్వు పొరబడ్డావు. "90 డెసిబెళ్ళ బాక్సులు రెండు పెడితే 180" అని రాశావు, అది 93. డెసిబెల్ లెక్క కూడికతో నడవదు. శక్తి రెట్టింపైతే 3 పెరుగుతుంది, పది రెట్లైతే 10 పెరుగుతుంది. ఇక దూరం సంగతి. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. మీటరు దూరంలో 100 ఉంటే 2 మీటర్లకి 94, 4కి 88, 8కి 82, 16కి 76. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 దాటకూడదు. పై లెక్కనే పొడిగించు, 100 కాస్తా 45కి దిగాలంటే అర కిలోమీటరు పైగా పోవాలి. డీజే పెట్టే కుర్రాళ్ళకి నీతులు చెప్పకు, ఈ లెక్క చూపించు. సందుల్లో అయితే రెండు వైపులా గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి ఈ మాత్రం తగ్గుదల కూడా ఉండదు. కిటికీ మూస్తే పాటలోని కంచు తాళాల చప్పుడు ఆగి డీజే "దబ్ దబ్" ఆగకపోవడానికి కారణం కూడా రాయి. సెకనుకి 50 ఊపుల శబ్దానికి అల పొడవు 7 మీటర్లు, అది ఇంటి మూల చుట్టూ తిరిగి వచ్చేస్తుంది, పల్చటి తలుపునీ అద్దాన్నీ ఊపేసి లోపలికీ వస్తుంది. 5,000 ఊపుల శబ్దానికి అల పొడవు 7 సెంటీమీటర్లే, దాన్ని తలుపు చాలావరకు ఆపుతుంది.

ధ్వని వేగం 340 అని రాశావు. అది 15 డిగ్రీల చలిలో వేగం. మన ఎండకి లెక్క వేరు: 331కి, డిగ్రీకి 0.6 చొప్పున కలుపు. 30 డిగ్రీలకి సెకనుకి 349 మీటర్లు. అచ్చులో వేసే ముందు నువ్వే కొలిచి చూడు, ఖర్చేమీ లేదు. ముందర ఖాళీగా ఉన్న పెద్ద గోడ, బడిదో గోదాముదో చూసుకో. టేపుతో సరిగ్గా 60 మీటర్లు కొలిచి నిలబడు. గాలి లేని పొద్దున్నపూట అయితే మేలు. రెండు గట్టి చెక్కముక్కలు టక్కుమనిపించు. ప్రతిధ్వని రెండు టక్కుల మధ్య సరిగ్గా సగంలో పడేలా వేగం సర్దుకో, అప్పుడు కొట్టిందీ తిరిగొచ్చిందీ కలిసి గడియారంలా సమంగా వినిపిస్తాయి. అలా కుదిరాక పక్కనున్నవాడు ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాలి. టక్కుకీ టక్కుకీ మధ్య విరామాలు 20 గడవడానికి పట్టే సమయం, 30 డిగ్రీల పూట అయితే, 13.75 సెకన్ల దగ్గర రావాలి. 20తో భాగిస్తే ఒక విరామం, అందులో సగం శబ్దం గోడకి పోయి వచ్చిన సమయం. ఆ సగంతో 120 మీటర్లని భాగిస్తే వేగం.

చాలామందికి 367 వస్తుంది. గాలి తప్పూ కాదు, టేపు తప్పూ కాదు. వాచీ నొక్కిన టక్కుని "ఒకటి" అని లెక్కపెట్టి "ఇరవై" దగ్గర ఆపితే మధ్యలో ఉన్నవి 19 విరామాలే. మొదటి టక్కుని "సున్నా" అనాలి. 20 మీటర్ల దగ్గర నిలబడితే మరో చిక్కు, ప్రతిధ్వని సెకనులో ఎనిమిదో వంతులోపే వచ్చేసి మొదటి చప్పుడుకి తోకలా అంటుకుంటుంది. ఇలాంటి పొరపాట్లని వ్యాసంలో దాచకు. 1687లో న్యూటన్ లెక్కకట్టిన వేగం కూడా అసలు దానికన్నా ఆరో వంతు దాకా తక్కువ వచ్చింది. ఒత్తుకున్న గాలి ఆ క్షణంలో వేడెక్కుతుందన్న సంగతి కలుపుకొని 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ దాన్ని సరిచేశాడు. తప్పు ఎందుకొచ్చిందో తెలిస్తే పాఠకుడికి ధ్వని ఇంకాస్త లోతుగా తెలుస్తుంది.

రైలు కూత గురించి "దగ్గరికొచ్చేకొద్దీ శ్రుతి పెరుగుతూ పోతుంది" అన్నావు. ఇది చాలామంది చేసే తప్పు. గంటకి 90 కిలోమీటర్లతో వస్తున్న రైలు 400 ఊపుల కూత వేస్తే, పట్టాల పక్కన నిలబడ్డవాడికి అది మొదటినుంచీ 431 దగ్గరే వినిపిస్తుంది. పెరిగేది మోత. రైలు ఎదురుగా దాటేటప్పుడే శ్రుతి జారి 373కి పడిపోతుంది. హౌరా లైనులో ఆగకుండా పోయే బండి కోసం ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడితే నీకే వినిపిస్తుంది.

ఉపయోగాల పేరాలో పది సంగతులు ఒక్కో వాక్యంలో కుక్కావు. ఆసుపత్రి స్కానింగ్‌నీ, గోపాల్‌పూర్ తీరంలో మన జాలర్ల పడవల్లో చేపల్ని వెతికే ఫిష్ ఫైండర్‌నీ ఉంచి మిగతావి తీసెయ్. స్కానింగ్‌కి రెండు ముక్కలు చాలు: మెత్తటి కండలో ధ్వని వేగం 1,540 మీటర్లు, జెల్ రాయకపోతే చర్మానికీ పరికరానికీ మధ్య మిగిలిన గాలి పొర దగ్గరే ధ్వని దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది.

ఫిష్ ఫైండర్ దగ్గర మాత్రం ఆగి నింపాదిగా రాయి. పడవ అడుగున బిగించిన పరికరం ఒక చిన్న కూత కిందికి వేసి ఆగి వింటుంది. ఉప్పునీటిలో వేగం దాదాపు 1,530 మీటర్లు. కూత సెకనులో ఇరవై ఐదో వంతులో తిరిగొచ్చిందంటే అడుగు 30 మీటర్ల లోతున ఉన్నట్టు. సమయాన్ని సగం చెయ్యడం మరిచిపోయి 60 అని రాసేవాళ్ళున్నారు, చూసుకో. చేప కనబడేది ముఖ్యంగా దాని కడుపులోని గాలి తిత్తి వల్ల. నీటికీ కండకీ పెద్ద తేడా లేదు, గాలికీ నీటికీ చాలా ఉంది. సొరచేపకి ఆ తిత్తి లేదు కాబట్టి అంతే సైజు వేరే చేపకన్నా మసగ్గా కనబడుతుంది. 200 కిలోహెర్ట్జ్ కూత, అంటే సెకనుకి రెండు లక్షల ఊపులది, చిన్నవాటినీ విడివిడిగా చూపిస్తుంది, లోతుకి పోయేకొద్దీ నీరసిస్తుంది. 50 అయితే లోతుకి పోతుంది, కానీ బొమ్మ అలుక్కుపోయినట్టుంటుంది. పడవ వేగం పెంచగానే తెర మీద అడుగు మాయమైందంటే యంత్రం చెడిందనుకుంటారు. చాలాసార్లు పరికరం కింద నురగ బుడగలు చేరి కూతని అక్కడే తిప్పికొడుతున్నాయి, అంతే. స్కానింగ్‌లో జెల్ ఆపేదీ ఇక్కడ బుడగ చేసేదీ ఒకటే పని, ఆ రెండు పేరాలనీ ఈ ముడితో కలుపు.

దిద్దిన వ్యాసంతో పాటు నీ గోడ దూరం, 20 విరామాల సమయం, ఆ పూట ఎండ ఎన్ని డిగ్రీలో మూడూ కాగితం మీద రాసి పంపు. లెక్క నేనూ వేసి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య