పక్క గొట్టంలో నీళ్లు చూడు

రంభ,
ఆదివారం

చిన్నా,

ఫోన్ చేస్తే నీ మాట నాకు సగమే వినపడుతోంది. అందుకే రాస్తున్నాను. చిలికా సరస్సులో సాతపడా నుంచి జహ్నికుదా వెళ్లే ఫెర్రీలో హెల్పర్‌గా చేరుతున్నావని అక్క చెప్పింది. విన్న పూట అన్నం సహించలేదు. సాయంత్రానికి మాత్రం మా అల్లుడు ఇంజిన్ రూములో చేరుతున్నాడని వీధిలో అందరికీ నేనే చెప్పుకొచ్చాను.

వద్దంటోందని మీ అమ్మని తిట్టకు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు ఆవిడ మూడు రోజులు టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ భయం ఇంకా పోలేదు.

డెక్కు పని నీకు నాలుగు రోజుల్లో పట్టుబడుతుంది. బండి ఎక్కగానే హ్యాండ్‌బ్రేక్ వేయించి చక్రాల కింద చెక్కలు పెట్టు. ర్యాంపు దించేటప్పుడు దాని కింద గానీ రేవుకీ దానికీ మధ్య గానీ ఎవరినీ నిలబడనివ్వకు, నువ్వూ నిలబడకు. తాడు చుట్టలో కాలు పెట్టకు. బిగిసిన తాడుకి ఎదురుగా నిలబడకు, అది తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. ఆ చుట్టుపక్కల డాల్ఫిన్ కనిపిస్తే జనమంతా ఒక పక్కకి పరిగెడతారు. మంచిగా చెప్పు, వినకపోతే గట్టిగా కేకెయ్యి. పడవ ఒరిగాక అరిచి లాభం లేదు. ఈతకి మించిన లోతు లేదంటారు గానీ నువ్వు లైఫ్ జాకెట్ తీయకు. తల దేనికైనా తగిలి నీళ్లలో పడితే ఎంత ఈతగాడైనా చేతులు ఆడించలేడు.

ఇంజిన్ రూములో లుంగీ వద్దు, మెడలో తువ్వాలు అసలే వద్దు. తిరిగే షాఫ్టు గుడ్డ అంచుని పట్టుకుందంటే మనిషిని వదలదు.

ఇక అసలు విషయం. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1994లో నాకు ఇరవై ఏళ్లు. ఒక ప్రయాణికుల లాంచీలో ఖలాసీగా చేరి మూడు నెలలైంది. మన లాంచీ ఇంజిన్ సరస్సు నీళ్లనే లోపలికి లాక్కుని చల్లబడేది. ఆ నీళ్లు వాల్వు దాటి, చెత్తని ఆపే స్ట్రైనర్ బుట్టలోంచి ఇంజిన్‌కి వెళ్లి, పక్క గొట్టంలోంచి బయటికి పడేవి. గొట్టంలో నీళ్లు ధారగా పడుతున్నాయా లేదా అని చూడటం నా పని. అంతే, తొంగి చూడటమే. అప్పట్లో చిలికా నిండా నాచు. 2000లో కొత్త ముఖద్వారం తవ్వి సముద్రపు నీరు వచ్చాకే తగ్గింది.

ఆ రోజు యాభై మంది దాకా ఎక్కారు. సగం దూరం వెళ్లాక ధార సన్నబడింది. నేను చూశాను. కాసేపటికి ఇంజిన్ చప్పుడు కూడా మారింది, గొంతు బొంగురుపోయినట్టు. అదీ విన్నాను. కానీ ఇంజిన్ డ్రైవర్ అంతకు ముందు రోజే, ఊరికే వచ్చి విసిగిస్తున్నావని అందరి ముందూ తిట్టాడు. మళ్లీ తిట్లు పడతాయని నోరు మూసుకున్నాను.

ఆవిరి కొట్టి ఇంజిన్ ఆగిపోయింది. నా తప్పు నేనే సరిదిద్దుకుందామని ఎవరికీ చెప్పకుండా ఇంజిన్ మీది నీళ్ల మూత తిప్పాను. మరిగే నీళ్లు ఎగదన్నాయి. నా ఎడమ మణికట్టు మీద మచ్చ దాందే. చిన్నప్పుడు అడిగితే టీ ఒలికిందని చెప్పాను.

పైన గాలి లేచి లాంచీ అడ్డం తిరిగింది. జనం లేచి ఒక పక్కకి పోతున్నారు, పిల్లల ఏడుపులు. లాంచీ నడిపే పెద్ద, సారంగు, లంగరు దింపించి, నడిమికొచ్చి తానే నేల మీద కూర్చుని, అందరినీ కూర్చోమన్నాడు. ఆయన్ని చూసి ఒక్కొక్కరూ కూర్చున్నారు. డ్రైవర్ వాల్వు మూసి స్ట్రైనర్ విప్పాడు. బుట్ట నిండా నాచు, తలంటుకున్న ఆడవాళ్ల జుట్టులా నల్లగా, చిక్కులు పడి. కాలిన చేత్తోనే అది పీకాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఒడ్డు చేరాక సారంగు ఒక్కటే అడిగాడు: "నువ్వు ముందే చూశావు కదా?" తల ఊపాను. ఆయన తిట్టలేదు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

అందుకని చెప్తున్నాను రా. తేడాగా ఏం కనిపించినా, ఏం వినిపించినా వెంటనే చెప్పు. పదిసార్లు చెప్పి తొమ్మిదిసార్లు తిట్టించుకో. "నీకేం తెలుసు రా" అంటారు, అననీ. నీ ఫెర్రీ ఇంజిన్ వేరే రకం కావచ్చు. మొదటి రోజే నీళ్లు ఎక్కడ లోపలికొస్తాయి, ఎక్కడ బయటికి పోతాయి, ఏ వాల్వు దేనిది అని వేలు పెట్టి చూపించమని అడుగు. వాల్వు మూయకుండా స్ట్రైనర్ మూత తీయకు, సరస్సంతా లోపలికొస్తుంది. వేడి మీద ఏ మూతా ముట్టుకోకు. ఎవరైనా మూసి ఉన్న ట్యాంకులో దిగమంటే గాలి పరీక్ష చేయకుండా దిగనని చెప్పు. తుప్పు ప్రాణవాయువుని తినేస్తుంది, మూసిన ట్యాంకులో ఊపిరికి సరిపడా ఉండకపోవచ్చు. దానికోసం ఉద్యోగం పోతే పోనీ, మన ఇంట్లో నీకు అన్నానికి లోటు లేదు.

పని చేసిన రోజులకి సంతకం పెట్టించి కాగితాలు దాచుకో. నదుల్లో, సరస్సుల్లో తిరిగే పడవలకి 1917 నాటి చట్టం పోయి 2021లో కొత్తది వచ్చింది. రేపు సారంగు పరీక్షకో, ఇంజిన్ డ్రైవర్ పరీక్షకో కూర్చోవాలంటే ఆ రోజుల లెక్కే నీ ఆస్తి.

మొదటి జీతంలో అమ్మకి చీర తర్వాత కొందువుగాని, ముందు చెవులకి హోరు ఆపే మఫ్‌లు కొనుక్కో. వాళ్లిచ్చినా నీకంటూ ఒక జత ఉంచుకో. ఇరవై ఏళ్లు ఆ హోరులో దూది కూడా పెట్టుకోకుండా పని చేశాను. ఇప్పుడు మీ అత్త వంటింట్లోంచి పిలిస్తే నాకు వినపడదు. నీ పెళ్లి మంత్రాలు వినాలని ఉంది, ఎంత వినగలనో తెలియదు.

వచ్చే నెల సాతపడా వస్తాను. నువ్వు పనిలో ఉంటావు, నన్ను పలకరించక్కర్లేదు, టీ ఇప్పించక్కర్లేదు. రెయిలింగ్ పక్కన నిలబడి గొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూసుకుంటాను.

మీ మావయ్య