జోటెరోలో అక్కర్లేని రిలేటెడ్ లింకులు: ఏ వైపు నుంచి తెంపాలి?

మీరు అడిగింది ఇదే కదా: జోటెరోలో (పుస్తకాలు, వ్యాసాల వివరాలు దాచుకుని సైటేషన్లు పెట్టుకునే సాఫ్ట్‌వేర్) ఒక ఐటెమ్ కింద, అంటే ఒక పుస్తకమో వ్యాసమో నమోదు కింద, దానితో ముడిపెట్టిన ఇతర ఐటెమ్‌లు కనిపించే రిలేటెడ్‌లో సంబంధం లేనివి డజన్ల కొద్దీ వచ్చి చేరాయి, వాటిని వదిలించుకోవాలి, ఐటెమ్‌లు మాత్రం పోకూడదు. ఐటెమ్‌లు పోవు, ఆ భయం అక్కర్లేదు. రిలేటెడ్ జాబితాలో పేరు పక్కనుండే మైనస్ గుర్తు నొక్కితే రెండింటి మధ్య ముడి మాత్రమే తెగుతుంది. పీడీఎఫ్‌లు, నోట్సు, ట్యాగులు ఎక్కడివక్కడే ఉంటాయి. కాకపోతే మైనస్ మీద కాకుండా పేరు మీద క్లిక్ పడితే ఆ ఐటెమ్ దగ్గరికే వెళ్లిపోతాం. అక్కడ అలవాటుగా కీబోర్డు మీద డిలీట్ కొట్టకండి, అది ఐటెమ్ మీదే పనిచేస్తుంది.

నాకు ఈ తలనొప్పి ఎలా వచ్చిందో చెప్తాను, మీదీ అదే కావచ్చు. ఒక వ్యాస సంకలనంలోని 24 అధ్యాయాలు ఎక్కించాల్సి వచ్చింది. సంపాదకుడి పేరు, ప్రచురణకర్త, సంవత్సరం ప్రతిసారీ టైపు చేయడానికి బద్ధకించి, మొదటి అధ్యాయం మీద రైట్ క్లిక్ చేసి డూప్లికేట్ ఐటెమ్ కొట్టుకుంటూ, శీర్షికా పేజీలూ మార్చుకుంటూ పోయాను. ఆ మొదటి అధ్యాయానికి అప్పటికే మూడు సమీక్షలు రిలేటెడ్‌గా కట్టి ఉంచాను. డూప్లికేట్ చేస్తే ఆ ముడులు కూడా వెంట వస్తాయన్న సంగతి నాకు తెలియదు. నెలన్నర తర్వాత ఒక సమీక్ష తెరిస్తే రిలేటెడ్ దగ్గర 24 అని అంకె! ఆ సమీక్షలో మాట్లాడింది ఒక్క అధ్యాయం గురించే.

మొదట తెలివితక్కువగా ఒక్కో అధ్యాయం తెరిచి మూడేసి మైనస్‌లు నొక్కడం మొదలుపెట్టాను. పదో అధ్యాయం దగ్గర బుర్ర వెలిగింది. ఈ లింకు రెండు వైపులా ఉండేది, ఏ కొసన తెంపినా రెండో కొస దానంతటదే ఊడిపోతుంది. అలాంటప్పుడు అధ్యాయాల చుట్టూ తిరగడమెందుకు? ముడులన్నీ వచ్చి పడిన సమీక్ష దగ్గరే కూర్చుని, మిగిలిన పదమూడింటినీ వరసగా తీసేశాను. మిగతా రెండు సమీక్షలకూ అంతే. నొక్కుళ్లు తగ్గలేదు కానీ వెతుకులాట పోయింది. మీకు యాభై అరవై దాకా ఉంటే ఇదే చేయండి, పది నిమిషాల పని. అన్నట్టు, జోటెరో 7లో మైనస్ కనిపించకపోతే మౌస్‌ను ఆ వరుస మీదికి తీసుకెళ్లి చూడండి. గ్రూప్ లైబ్రరీ అయితే మీకు ఎడిట్ అనుమతి ఉండాలి.

వందల్లో ఉంటే మాత్రం చేత్తో కాదు. రిలేటెడ్‌లో యాడ్ నొక్కితే తెరుచుకునే విండోలో ఒకేసారి ఎన్నయినా ఎంచుకుని కలిపేయొచ్చు, తీసేటప్పుడు మాత్రం ఒక్కొక్కటిగానే తీయాలి. మా స్నేహితుడి లైబ్రరీలో ఇలాగే పేరుకుపోతే స్క్రిప్టుతో తీశాం. టూల్స్ మెనూలో డెవలపర్, అందులో రన్ జావాస్క్రిప్ట్. ఎంచుకున్న ప్రతి ఐటెమ్‌కూ దాని రిలేటెడ్ ఐటెమ్‌లను పట్టుకుని, రిమూవ్ రిలేటెడ్ ఐటెమ్ అనే ఫంక్షన్ పిలిచి సేవ్ చేయడమే. ఇక్కడే మొదటిసారి దెబ్బతిన్నాను. మైనస్ బటన్ రెండు వైపులా తీస్తుంది, స్క్రిప్టు మాత్రం మీరు చెప్పిన వైపే తీస్తుంది. నేను ఒక వైపే తీసి సేవ్ చేశాను. ఇటు చూస్తే ఖాళీ, అటు తెరిస్తే అన్నీ అలాగే వేలాడుతున్నాయి. అవతలి ఐటెమ్ మీద కూడా అదే ఫంక్షన్ పిలిచి దాన్నీ సేవ్ చేస్తేనే పూర్తవుతుంది.

ఇంకో దారి కనిపిస్తుంది, అది చాలా ఊరిస్తుంది: సెట్ రిలేషన్స్ అనే ఫంక్షన్‌కు ఖాళీ ఇచ్చి ఒక్క దెబ్బతో అన్నీ తుడిచేయడం. ఆ జోలికి పోకండి. రిలేషన్స్ అనే గూట్లో మన రిలేటెడ్ లింకులే కాదు, వేరేవీ ఉంటాయి. డూప్లికేట్లను మెర్జ్ చేసినప్పుడు, అంటే ఒకటిగా కలిపినప్పుడు, పాత ఐటెమ్ స్థానంలో ఏది వచ్చిందో రాసిపెట్టేది అక్కడే. వర్డ్ ఫైల్లో ముందే పెట్టిన సైటేషన్ కొత్త ఐటెమ్‌ను వెతుక్కునేది ఆ రాత చూసే. అది తుడిచేస్తే స్క్రీన్ మీద ఏ తేడా కనిపించదు, ఎప్పుడో సైటేషన్లు రిఫ్రెష్ చేసినప్పుడు బయటపడుతుంది. ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి లాగిన ఐటెమ్‌ల జాడ కూడా ఆ గూట్లోనే ఉంటుంది.

స్క్రిప్టు దారే పడితే ముందు సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సింక్ ఆపండి. జోటెరో మూసేసి, డేటా ఫోల్డర్‌లోని జోటెరో డాట్ ఎస్క్యూలైట్ (zotero.sqlite) ఫైలు కాపీ తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత రెండే రెండు ఐటెమ్‌ల మీద నడిపి, రెండింటినీ తెరిచి చూడండి. రెండు చోట్లా ఖాళీ అయితేనే మిగతావాటి మీద నడపండి.

ఒకవేళ మీరు లింకు అంటున్నది ఐటెమ్ కింద చిన్న బాణం నొక్కితే కనిపించే నోటో పీడీఎఫో అయితే అది రిలేటెడ్ కాదు. దాన్ని పట్టుకుని ఐటెమ్‌ల జాబితాలోనే రెండు ఐటెమ్‌ల మధ్యకు లాగితే విడిగా వచ్చేస్తుంది.