నెలకు వెయ్యి రూపాయలు, ఆదివారాలు: బెజవాడ-గుంటూరులో ఎవరికిస్తే పనికొస్తుంది?

నెలకు వెయ్యి ఇవ్వగలను, ఆదివారాలు తీరిక, అమెరికాలో ఉన్న అక్క కూడా పంపుతానంటోంది, ఇటువైపు నమ్మదగిన చిన్న సంస్థలు చెప్పండి అని అడిగారు. నేను అకౌంట్స్ పనిలో ఉన్నవాణ్ణి. పటమట వైపు ఒక చిన్న పిల్లల హోమ్‌కి కొన్నేళ్లు డబ్బు తీసుకోకుండా లెక్కలు రాసిపెట్టాను. అక్కడ చూసిందే చెబుతాను.

అక్కడ అన్నానికి ఎప్పుడూ కొదవ లేదు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దల తద్దినాలు... ఆదివారం మధ్యాహ్నం భోజనానికి దాతలు పోటీ పడేవారు. ఆగస్టు 15కి బిస్కెట్ ప్యాకెట్లతో అల్మరా నిండేది. జూన్ వచ్చేసరికి మాత్రం వార్డెన్ గారికి టెన్షన్. ఫీజులు, నోటు పుస్తకాలు, బూట్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. కరెంటు బిల్లు, వంటమనిషి జీతం ఎలాగూ ఆగవు. బియ్యం, పప్పు ఇచ్చేవాళ్లు బోలెడుమంది. వండే ఆవిడ జీతానికని చెక్కు రాసినవాళ్లని మాత్రం నేనైతే చూడలేదు. జీతం ముందు నిలబడి ఫోటో దిగలేం కదా!

కాబట్టి మీ వెయ్యి ఇలాంటి ఖర్చుకే, ప్రతి నెలా ఒకే తారీఖున వెళ్లేలా బ్యాంకులో పెట్టేయండి. ఏడాదికోసారి పన్నెండు వేలిచ్చినా కాదనరు. కానీ నెలనెలా వస్తుందన్న ధైర్యం ఉంటేనే వాళ్లు ఇంకో ఆయాని పెట్టుకోగలరు.

పేర్లు చెప్పమన్నారు కదా. ఇల్లు వదిలి రైలెక్కి వచ్చేసిన పిల్లల కోసం నవజీవన్ బాల భవన్ 1989 నుంచి పనిచేస్తోంది. చెన్నై, హైదరాబాద్, విశాఖ లైన్లు కలిసే బెజవాడ జంక్షన్‌లో ఆ పని ఎప్పటికీ ఉంటుంది. బెంజి సర్కిల్ దగ్గర వాసవ్య మహిళా మండలి ఉంది, 1969లో మొదలైంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి అమ్మాయి, మాజీ ఎంపీ చెన్నుపాటి విద్య గారు చాలాకాలం నడిపారు. ఇవి మరీ చిన్నవేం కాదు, మొదటిసారి ఇచ్చేవాళ్లు భయం లేకుండా తలుపు తట్టొచ్చు. నిజంగా చిన్నవి మీ పేటలోనే ఉంటాయి. ఆదివారం కాకుండా మామూలు రోజున వెళ్లి చూడండి. నిరుటి ఆడిట్ రిపోర్టు అడగండి. పిల్లల హోమ్ అయితే జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ కాగితం చూపించమనడం మర్యాద తక్కువేం కాదు. నసిగితే వచ్చేయండి. విరాళాల మీద వచ్చే ఆదాయపన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే వాళ్లకీ రాదు.

ఆదివారాల సంగతి. మా అమ్మాయి ఇంటర్‌లో ఉండగా గుంటూరులో చూపులేని ఒక డిగ్రీ విద్యార్థినికి పరీక్ష రాసిపెట్టింది. గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు, అంటే మూడు గంటల పేపరు నాలుగు గంటలు. ఆ అక్క చెప్పింది చెప్పినట్టే రాయాలి, తప్పని తెలిసినా దిద్దకూడదు. ఇంటికొచ్చాక "ఒకచోట తప్పు చెబుతోందని తెలిసినా రాశాను నాన్నా" అని ఎంత బాధపడిందో! రాసేవాళ్ల చదువు పరీక్ష రాయించేవాళ్ల కంటే తక్కువ ఉండాలనే నిబంధన చాలా పరీక్షలకి ఉంటుంది, కాబట్టి మీరూ నేనూ చాలాచోట్ల పనికిరాం. మనం చేయగలిగింది పాఠాలు గట్టిగా చదివి ఫోన్‌లో రికార్డు చేసివ్వడం. ఆదివారం ఇంట్లో కూర్చునే చేయొచ్చు. ఏ పాఠం కావాలో ముందు వాళ్లనే అడగండి.

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు సింగ్ నగర్‌లో కూడా ఇంతే. మెయిన్ రోడ్డు మీద పులిహోర పొట్లాలు మిగిలిపోయాయి, లోపలి సందుల్లో పాలు, మంచినీళ్లు లేవు. పాత చీరలు గుట్టలుగా వచ్చాయి. నీళ్లు తీశాక జనం వెతుక్కున్నది చీపుర్లు, బకెట్లు, బ్లీచింగ్ పౌడరు, గ్యాస్ స్టవ్ బాగుచేసే మనిషి. మా వీధి ఎలక్ట్రీషియన్ ఒకతను రెండు రోజులు ఊరికే పనిచేసి వచ్చాడు. నా దృష్టిలో అతనిది మా అపార్ట్‌మెంట్ చందా కంటే పెద్ద విరాళం.

ఇక మీ అక్క గారు. ఆవిడది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే సొంత సంపాదన లోంచి మామూలుగా బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలో తీసుకోవాలి. చిన్న సంస్థలు చాలావాటికి ఆ అనుమతి ఉండదు. తెలియక వాళ్ల మామూలు ఖాతాలో వేస్తే చిక్కుల్లో పడేది వాళ్లే. పంపే ముందు ఫోన్ చేసి ఈ ఒక్క సంగతి కనుక్కోమనండి.