గ్రూప్ మానేస్తున్నానని మీటింగ్‌లోనే చెప్పాను

తాగుడు మానేసి తొమ్మిదేళ్లయిందని, అప్పటినుంచీ ప్రతి ఆదివారం ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుండే గ్రూప్) మీటింగ్‌కు వెళ్తున్నానని, ఇక వెళ్లాలనిపించడం లేదని రాశారు. ఆ మాట గ్రూప్‌లో చెప్పాలా, చప్పుడు చేయకుండా ఆగిపోవాలా అని మీ ప్రశ్న.

చెప్పండి. నేను ముందు చెప్పకుండా మానేసి తప్పు చేశాను.

మాది నల్గొండ. పదకొండేళ్లు వెళ్లాను. గ్రూప్ మీద కోపం ఏమీ లేదు, నన్ను బతికించింది అదే. కానీ వారం వారం నా పాత తాగుబోతు కథే చెప్పుకుంటూ, నా దగ్గర ఇంకో కథే లేనట్టు అయిపోయాను. ఒక ఆదివారం పెళ్లి, ఇంకో ఆదివారం పొలం పని, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం ఆపేశాను. ఐదో వారం గడియారం సెంటర్ దగ్గర గ్రూప్‌లో కొత్తగా చేరిన పిల్లవాడు ఎదురయ్యాడు. పలకరిస్తూనే నా చేతులు చూస్తున్నాడు, వణుకుతున్నాయేమోనని. "అన్నా, మళ్ల షురూ చేసినవా?" లేదన్నాను. నమ్మలేదు. "పదకొండేండ్లు ఆగినోనివి నువ్వే పడిపోతే నా సంగతేందని రెండు రాత్రులు నిద్ర పోలే" అన్నాడు.

ఆ వారమే మీటింగ్‌కు పోయి లేచి నిలబడి చెప్పాను: "తాగలేదు. తాగడానికని గ్రూప్ వదలట్లేదు. ఆదివారాలు ఇంట్లో ఉండాలనుకుంటున్న." ఒక పెద్దాయన ముఖం తిప్పుకొని "పోయినోళ్లందరూ ఇట్లనే చెప్పిన్రు" అన్నాడు. బాధేసింది. అట్లా పోయినవాళ్లలో ఇద్దరి పాడె ఆయన మోశాడని తర్వాత తెలిసింది. నా స్పాన్సర్, అంటే గ్రూప్‌లో నాకు తోడుగా నిలిచిన పాత సభ్యుడు, మాత్రం బయటికి తీసుకెళ్లి చాయ్ తాగిస్తూ ఒక్కటే అడిగాడు: "రాత్రి పదకొండింటికి తాగాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తవ్ తమ్మీ?" జవాబు రాలేదు. ఆ జవాబు దొరికే వరకు ఇంకో నెల వెళ్లాను. మీరూ ముందు ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేస్తారో ఖాయం చేసుకోండి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలైంది. సభ్యుడు కావడానికి తాగుడు ఆపాలన్న కోరిక ఒక్కటి చాలంటారు అందులో. ఫీజు లేదు. కాబట్టి మానేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మళ్లీ పోవాలనిపిస్తే ఎవరినీ బతిమాలుకోవాల్సిన పనీ లేదు.

గ్రూప్ కంటే ముందు ఇంట్లో చెప్పండి. "మళ్ల మొదలుపెడ్తవా ఏంది?" అని మా ఆవిడ చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. నేను రాత్రి ఇంటికి రాగానే దగ్గరికొచ్చి వాసన చూసేది. నేను కోప్పడలేదు. ఆ భయం ఆమెకు నేను పెట్టిందే.

చుట్టాలకు మాత్రం చెప్పకండి. దసరా దావత్‌లో, దినాల దగ్గర మా వైపు ఏం పోస్తారో మీకు తెలుసు. గ్రూప్ మానేశాడంటే "ఇగ నయమైంది, ఒక్క పెగ్గేం కాదు" అంటారు. నేను ఇప్పటికీ వాళ్లతో "డాక్టర్ వద్దన్నడు" అనే చెప్తాను. మీటింగ్‌లో మీరు చూసిన మనుషుల పేర్లు, విన్న కథలు కూడా ఎవరి దగ్గరా తీయకండి.

ఇది ఏళ్ల తరబడి ఆగినవాళ్లకు చెప్తున్న మాట. ఇది చదువుతూ రోజూ తాగేవాళ్లుంటే, ముఖ్యంగా మన దిక్కు అల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లు, ఇంట్లోనే ఒక్కసారిగా ఆపకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ దగ్గర ఆపండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఫ్రీ నంబరు, తెలుగులో మాట్లాడతారు.

నేను మీటింగ్‌కు పోవడం ఆపి మూడేళ్లయింది. ఆ పిల్లవాడు ఇప్పటికీ ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి వానల గురించో, పత్తి గురించో అడుగుతాడు. నా మాట ముద్దగా వస్తుందేమో వినడానికే చేస్తాడని నాకు తెలుసు. మొదటి రింగ్‌కే ఎత్తుతాను.