టెక్ సందేహాలు: హైపాస్ ఫిల్టర్‌కి ఏ అంకె వేయాలి?

ప్రశ్న: పిల్లల కథలు చదివి యూట్యూబ్‌లో పెడుతున్నాను. యూఎస్‌బీ మైకు, ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాను. వెనక గుయ్‌మనే మోత ఉంటోంది. 'ప', 'భ' వచ్చిన చోటల్లా ధబ్‌మని కొడుతోంది. హైపాస్ ఫిల్టర్ 80 దగ్గర పెట్టమని ఒకరు, 150 అని మరొకరు చెప్పారు. ఏది సరి? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ రెండూ మీ గొంతు వినకుండా చెప్పిన అంకెలు. మీరిచ్చిన అంకెకు కిందున్న శబ్దాన్ని ఈ ఫిల్టర్ క్రమంగా తగ్గిస్తుంది, పైదాన్ని వదిలేస్తుంది. కాబట్టి మీ గొంతు ఎక్కడ మొదలవుతుందో ముందు తెలియాలి. మామూలు మాటల్లో మగవాళ్ల గొంతు మూలస్వరం (అందులోని అతి కింది పౌనఃపున్యం) సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడవాళ్లది 165 నుంచి 255 మధ్య ఉంటుంది. రాక్షసుడి గొంతు పెట్టి చదివితే మీరు కూడా ఇంకా కిందికి దిగుతారు. లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ రాక్షసుణ్నే.

అతి కిందికి దిగిన భాగం కొన్ని సెకన్లు సెలెక్ట్ చేసి, ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరవండి. సైజ్ 16384, యాక్సిస్ లాగ్ ఫ్రీక్వెన్సీ పెట్టండి. సైజ్ 2048 ఉంటే సెకనుకు 44100 శాంపిళ్ల రికార్డింగులో ఒక్కో గడి 21 హెర్ట్జ్ వెడల్పు. 60కీ 80కీ తేడా అందులో తెలియదు. 16384లో గడి 2.7కి తగ్గుతుంది. గీతను ఎడమ నుంచి చూస్తూ వస్తే ముందు ఫ్యాను, కరెంటు మోతల బొడిపెలు, తర్వాత గొంతు తాలూకు మొదటి గుట్ట కనిపిస్తాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి, మీరు మాట్లాడని రెండు మూడు సెకన్లు సెలెక్ట్ చేసి ఇదే గీత మళ్లీ చూడండి. అందులో కూడా ఉన్నవి మోతలు. గొంతు గుట్ట 130 దగ్గరుంటే కట్ఆఫ్ (ఫిల్టర్‌కి ఇచ్చే అంకె) 90 లేదా 100 చాలు.

ఎఫెక్ట్ మెనూలో ఈక్యూ అండ్ ఫిల్టర్స్ కింద హైపాస్ ఫిల్టర్ ఉంటుంది. పెట్టెలో ముందే ఉన్న అంకెను అలాగే వదిలి అప్లై కొట్టకండి. అది 1000 అయితే గొంతు పాత ల్యాండ్‌లైన్‌లో మాట్లాడినట్టు పీలగా వస్తుంది. ఫ్రీక్వెన్సీ 90, రోలాఫ్ (పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ ఎంత తగ్గాలో) 12 డెసిబెల్స్ పెట్టి వినండి. దీని అర్థం: 90 దగ్గర 3 డెసిబెల్స్, 45 దగ్గర సుమారు 12, 22 దగ్గర 24 తగ్గుతుంది. అంటే కట్ఆఫ్ గోడ కాదు, వాలు. చాలకపోతే 24కి వెళ్లండి. 48 కూడా ఉంది కదా అని మాటలకు వాడొద్దు. వాలు ఎంత నిటారైతే ఆ అంకె దగ్గర శబ్దం అంత సాగి, మోగుతున్నట్టు ఉంటుంది.

ధబ్‌మనే దెబ్బల కోసం మొత్తం ట్రాక్‌ని 150 దగ్గర కోయడం తప్పు వైద్యం. 'ప', 'భ' పలికేటప్పుడు నోటి గాలి మైకు పొరను నేరుగా కొడుతుంది. ఆ దెబ్బలో ఎక్కువ బలం 150 కిందే ఉంటుంది. అందుకని ఆ అక్షరం మేరకే సెలెక్ట్ చేసి, జెడ్ మీట నొక్కండి. సెలెక్షన్ అంచులు తరంగం సున్నా దాటే చోటికి జరుగుతాయి, అతుకు దగ్గర టిక్కుమనదు. ఆపైన 150, 24 డెసిబెల్స్‌తో ఫిల్టర్ వేయండి. మళ్లీ రికార్డు చేసే వీలుంటే ఇదంతా అక్కర్లేదు: మైకును నోటికి ఎదురుగా కాకుండా 45 డిగ్రీలు పక్కకి పెట్టి, పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జల్లెడ) తగిలించండి.

ఫిల్టర్ వేశాక కూడా సన్నగా గుయ్‌మంటుంటే అది చాలావరకు కరెంటుదే. మన దగ్గర సరఫరా 50 హెర్ట్జ్, మోత 50, 100, 150 దగ్గర వస్తుంది. 90 దగ్గరి ఫిల్టర్ 50ని అణుస్తుంది కానీ 100, 150లను పెద్దగా తగ్గించదు. వాటికి అదే మెనూలో నాచ్ ఫిల్టర్ ఉంది. క్యూ విలువ 20, 30 పెడితే సన్నటి చీలిక మాత్రమే పోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు రికార్డు చేసి పంపే ఫైళ్లలో ఇవే 60, 120, 180 అవుతాయి. ఫ్యాను గాలి 'స్‌స్' మాత్రం పైదాకా పరుచుకుని ఉంటుంది, ఏ హైపాస్‌తోనూ పోదు. దానికి నాయిస్ రిడక్షన్ వాడాలి, లేదా ఫ్యాను ఆపాలి.

వరుస కూడా ముఖ్యమే: ముందు హైపాస్, తర్వాత నాయిస్ రిడక్షన్, ఆపైన కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల తేడా తగ్గించేది), చివర నార్మలైజ్ (శిఖరాన్ని కావలసిన ఎత్తుకు తెచ్చేది). కంప్రెసర్ ముందొస్తే వినపడని అడుగు మోతకు కూడా అది స్పందించి, మీ గొంతును పైకీ కిందికీ ఊపుతుంది. నార్మలైజ్ చివర ఎందుకంటే, హైపాస్ తర్వాత తరంగం శిఖరం పెరగొచ్చు. శబ్దాన్ని తీసేస్తే ఎత్తు ఎలా పెరుగుతుందని అడుగుతారేమో. ఫిల్టర్ పౌనఃపున్యాల మధ్య ఫేజ్‌ను, అంటే తరంగాలు లేచిపడే సమయాన్ని, జరుపుతుంది. అంతకుముందు ఒకదాన్నొకటి అణచుకున్న చోట ఇప్పుడు అవి కలిసి పైకి లేవొచ్చు. ఫిల్టర్‌కి ముందు 3 డెసిబెల్స్ జాగా ఉంచుకోండి.

ఇదంతా హెడ్‌ఫోన్స్‌లో వినే తేల్చుకోవాలి. ఫోన్ స్పీకరు ఆ అడుగు శబ్దాలను ఎలాగూ పలికించలేదు.

ప్రశ్న: మా గురువుగారి కచేరీ ఫోన్‌లో రికార్డు చేశాను. 100 హెర్ట్జ్ హైపాస్ వేస్తే హాలు హోరు పోయింది కానీ మృదంగం డొల్లగా, పాట పలచగా అయింది. – ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: గురువుగారిది ఒకటో శ్రుతి అనుకుందాం. ఆధార షడ్జమం సుమారు 131 హెర్ట్జ్. మంద్ర పంచమానికి దిగితే 98. తంబురాలో మంద్ర షడ్జమం తీగ 65. మృదంగం ఎడమ వైపు పలికే గుమికిల బరువు కూడా ఈ కింది భాగంలోదే. 100 దగ్గర కోస్తే పోయేది హోరొక్కటే కాదు మరి. అన్నీ ఒకే ఫైలులో కలిసి ఉన్నప్పుడు 40 దాటొద్దు, రోలాఫ్ 12 చాలు. మిగిలిన హోరును కొంత భరించడమే మేలు. ఐదో శ్రుతి గాయని అయితే షడ్జమం 196, మంద్ర పంచమం 147. ఆమెకు విడిగా మైకు, విడిగా ట్రాకు ఉంటే 100 నిశ్చింతగా పెట్టొచ్చు. వయొలిన్‌కి నెట్‌లో దొరికే పాశ్చాత్య చార్టులు నమ్మకండి. అవి కింది తీగ 196 అనే లెక్కతో రాసినవి, మన కచేరీలో వయొలిన్‌ను గాయకుడి శ్రుతికి కడతారు.

ప్రశ్న: మైకు మీదే లో-కట్ స్విచ్ (హైపాస్ లాంటిదే) ఉంది. అది వాడనా, సాఫ్ట్‌వేర్‌లో చేయనా? – ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇంట్లో అయితే సాఫ్ట్‌వేర్‌లోనే. నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు. ఆరుబయట గాలికి మాత్రం స్విచ్ వేయండి. గాలి దెబ్బకు రికార్డింగ్ క్లిప్ అయితే (తరంగం శిఖరాలు తెగిపోతే) ఆ తర్వాత ఏ ఫిల్టరూ బాగుచేయలేదు.

ప్రశ్న: బీటెక్ ప్రాజెక్టులో హైపాస్ కోడ్ రాశాను. 48000 రేటు, 1024 శాంపిళ్ల బఫర్, 80 హెర్ట్జ్ కట్ఆఫ్. వెనక సన్నగా 'టరర్ర్'మని వస్తోంది. – ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: 48000ని 1024తో భాగించండి. సెకనుకు దాదాపు 47 బఫర్లు, అంటే 47 ముక్కలు. మీరు వింటున్నది సెకనుకు 47 టిక్కులు అయి ఉండాలి. ఫార్ములా ఇది: కొత్త అవుట్‌పుట్ = ఆల్ఫా × (పాత అవుట్‌పుట్ + ఇప్పటి ఇన్‌పుట్ – పాత ఇన్‌పుట్). మీ కట్ఆఫ్, రేటు లెక్కకు ఆల్ఫా అనే గుణకం 0.9896 రావాలి. ఆ రెండు 'పాత' విలువలనూ ఫంక్షన్ లోపల ప్రకటించి ఉంటారు, ప్రతి బఫర్‌కీ అవి సున్నా అయిపోతున్నాయి. వాటిని బయట, క్లాసులో దాచండి. స్టీరియో అయితే ఎడమకి ఒక జత, కుడికి ఒక జత ఉండాలి. ఒకే జతతో నడిపితే రెండు చానెళ్లూ కలగాపులగం అవుతాయి.

ఈ ఫార్ములా వాలు 6 డెసిబెల్సే. 12 కావాలంటే క్యూ 0.707తో ఒక బైక్వాడ్ (రెండేసి పాత విలువలు వాడే ఫిల్టర్) రాయండి. 24 కోసం అదే బైక్వాడ్‌ని రెండుసార్లు నడపడం చాలామంది చేసే పొరపాటు. కట్ఆఫ్ దగ్గర 3 బదులు 6 డెసిబెల్స్ పడిపోతుంది. క్యూ 0.541తో ఒకటి, 1.307తో ఇంకొకటి వరుసగా పెట్టండి. కోఎఫిషియంట్లు డబుల్‌లో ఉంచండి. 44100కి లెక్కగట్టినవి 48000 ఫైలుకి వాడితే 80 కాస్తా 87 అవుతుంది. చివర 16 బిట్ పూర్ణాంకంగా మార్చే ముందు విలువను –32768, 32767 మధ్య బిగించడం మరిచిపోవద్దు. శిఖరం పెరుగుతుందని పైన చెప్పింది మీకూ వర్తిస్తుంది. హద్దు దాటితే అంకె తిరగబడి, పెద్ద శబ్దం వచ్చిన చోటల్లా పటపటమంటుంది.