నెల్లూరు ఉక్కలో ఎలుకల పెల్లెట్ మేత ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

పెంపుడు తెల్ల ఎలుకల పెల్లెట్ మేతను (గుళికలుగా చేసిన దాణాను) చల్లగా, పొడిగా ఉంచితే తయారైన తేదీ నుంచి సుమారు 6 నెలలు బాగుంటుంది. గినీ పందుల మేతకు మాత్రం 3 నెలలే లెక్క. గినీ పంది ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, మేతలో కలిపిన మామూలు విటమిన్ సి నిలవలో త్వరగా తగ్గిపోతుంది. అందుకే కొన్న తేదీ కాదు, సంచి మీది తయారీ తేదీ చూడాలి.

మన కోస్తా గాలిలో అసలు గొడవ తేమతోనే. అక్టోబరు–డిసెంబరు ముసురులో విప్పిన సంచిని గచ్చు మీద, గోడకు ఆనించి పెట్టారంటే అడుగు గుళికలు మెత్తబడతాయి, వేళ్లతో నొక్కితే పొడైపోతాయి, ఆపైన బూజు. సంచితో సహా బిగుతు మూత డబ్బాలో పెట్టి, చెక్క మీద ఎత్తుగా ఉంచండి.

వృథా ఎక్కువగా కొనేటప్పుడే మొదలవుతుంది. పెద్ద ఎలుక రోజుకు 15–20 గ్రాములు తింటుంది. రెండింటికి నెలకు కిలో అటూఇటూ. చవకని 25 కిలోల బస్తా తెస్తే అయ్యేసరికి దాదాపు రెండేళ్లు!

బూజు పట్టినా ఎండబెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎండకు తేమ పోతుంది కానీ, అఫ్లాటాక్సిన్ లాంటి బూజు విషం పూర్తిగా పోదు, పైగా ఉన్న విటమిన్లూ దెబ్బతింటాయి. అలాంటి మేత పారేయాల్సిందే.